పన్నెండు వోల్టుల బండి

“తాళం తిప్పుండ్రి మరి! ముహూర్తం కోసం చూస్తున్రా?” అంది అరుంధతి మొగుడితో.

శ్రీపతి తాళం మీద చెయ్యి పెట్టి ఆగిపోయాడు. చిక్కడపల్లిలో వాళ్ల గల్లీ వినాయకుణ్ణి ఏటా నిమజ్జనానికి లాక్కెళ్లేది అతని పాత ట్రాక్టరే. ఆరు వోల్టుల బ్యాటరీతో ఏనాడూ సెల్ఫ్ తీసుకోని, తోస్తే తప్ప స్టార్టవని ఆ బండికి నిన్ననే పన్నెండు వోల్టుల బ్యాటరీ, కొత్త డైనమో, బల్బులు పెట్టించాడు. పొద్దున ఒక్క తిప్పుకే గర్జించింది.

ఇప్పుడు బండి వెనక గల్లీ కుర్రాళ్లతో పాటు తమ్ముడు రమాపతి చొక్కా చేతులు మడుస్తున్నాడు. డాబా మీద అడ్డుగోడ గొడవతో రెండేళ్లుగా అన్నతో మాటల్లేవు. బండి తొయ్యడానికి మాత్రం ఠంచనుగా వస్తాడు. అన్నను తిట్టాల్సినవన్నీ బండిని తిట్టి పోతాడు.

“ఏమే ముసలిదానా, ఈయేడన్న లేస్తవా? మొత్తం నీ ఓనర్ లెక్కనే తయారైనవ్!”

బండి దానంతటది స్టార్టయితే తమ్ముడికి ఇక ఇటువైపు వచ్చే పనే ఉండదు.

శ్రీపతి తాళం తిప్పినట్టు నటించి, “తీసుకుంటలేదు. తొయ్యాలె,” అన్నాడు.

“ఆహా! గల్లీ అంతా చాటింపేసిన్రు గద, ఒక్క దెబ్బకు లేస్తదని!” అరుంధతి మూతి తిప్పింది.

రమాపతి అనుమానంగా వచ్చి సీటు కిందికి తొంగిచూశాడు. కొత్త బ్యాటరీ నిగనిగలాడుతోంది. శ్రీపతి చూపు తిప్పుకున్నాడు.

రమాపతి మళ్లీ వెనక్కి వెళ్లి భుజం ఆనించాడు.

“గేరెయ్యి, అన్నా. పన్నెండు వోల్టులాయె... జర ఎక్కువనే తొయ్యాల్సొస్తది.”