వంకర కాలర్లు

"ఇంకాస్త వంకరగా పోనీ," అంది కాలరక్క గొంతు తగ్గించి.

చెల్లెలు మిషన్ ఆపి బిత్తరపోయి చూసింది. ఈ చొక్కాల ఫ్యాక్టరీలో తను చేరిన కొత్తలో, కాలర్ నూలుపోగంత పక్కకి పోయిందని చెవి మెలిపెట్టిన అక్క ఈవిడే. కాలర్ కుట్టడంలో ఆమె తర్వాతే ఎవరైనా. అందుకే అసలు పేరు పోయి ఈ పేరు నిలిచింది.

"ఆవిడ చూస్తోందక్కా!"

"చూడనీ. చూసి అదే నేర్చుకుపోనీ."

ఆవిడంటే సరిహద్దు అవతలి దేశం నుంచి వచ్చినామె. అక్కడా చొక్కాల ఫ్యాక్టరీయే. భాషా ఇదే, యాసే కొంచెం తేడా. ఆ పొద్దునే మేనేజరు వెంటబెట్టుకొచ్చి, "ఈ రోజంతా మీ లైన్లో ఉంటుంది. దాపరికం లేకుండా అన్నీ చూపించండి," అన్నాడు. ఎందుకొచ్చిందని అడిగితే, "చెప్పే మాటైతే చెప్పనా?" అంటూ జారుకున్నాడు.

మేనేజరు చెప్పనిది క్యాంటీనతను చెప్పాడు. చొక్కాలు కొనే పెద్ద దేశం సుంకాలు మార్చిందట. మన సరుకు మీద పెంచి, అవతలి వాళ్ళని వదిలేసిందట. ఇక ఆర్డర్లన్నీ వాళ్ళకేనట. అతని నోట్లో నువ్వుగింజ నానదని అందరికీ తెలుసు. అయినా నమ్మారు. నమ్మక ఏం చేస్తారు? పని లేక సగం మిషన్లు అప్పటికే ముసుగేసుకుని కూర్చున్నాయి. మిగతా సగం ఆగితే అక్కాచెల్లెళ్ళ ఇంట్లో పొయ్యి కూడా ఆగుతుంది.

"మన పని నేర్చుకుని పట్టుకుపోవడానికే వచ్చింది. కూర్చున్న కొమ్మని మనమే నరికి చేతికిస్తామా?" అంది కాలరక్క. లైనంతా ఆ మాట పాకింది. ఆమె గీత గీస్తే దాటేవాళ్ళు అక్కడ లేరు.

తీరా మొదలెట్టాక ఆమెకే ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. వంకర ఎరగని చేతులాయె, కాస్త ఏమరితే చాలు, తిన్నగా కుట్టేస్తున్నాయి. విప్పి మళ్ళీ పాడుచెయ్యాల్సొస్తోంది.

వచ్చినామె ఒక్కో కాలరూ తీసి చూసింది. వంకరపోయిన అంచు మీద ఆమె వేలు ఆగింది.

మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకొచ్చి కాలరక్క పక్కనే కూర్చుంది.

"ఆ ముసుగేసిన మిషన్లు పనిచేస్తాయా అక్కా?"

'మిషన్ల మీద కూడా కన్ను పడిందన్నమాట!' అనుకుంది కాలరక్క. "తుప్పు పట్టాయి," అంది పైకి.

"లైన్లో అందరూ ఇలాగే కుడతారా?"

"ఇలాగే. మాకొచ్చిన పనింతే."

ఆమె ముద్ద కలిపింది గాని నోట్లో పెట్టుకోలేదు. "మా ఫ్యాక్టరీ పెద్దలు నా మాట కోసమే చూస్తున్నారు. ఏం చెప్పాలో తెలియట్లేదు," అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కాలరక్కకి ఒక్క క్షణం జాలేసింది. మరుక్షణమే, కడుపు కొట్టడానికొచ్చిన మనిషి మీద జాలేమిటని తనని తానే తిట్టుకుంది.

సాయంత్రం గేటు దగ్గర కారు ఆగి ఉంది. వచ్చినామె ఎక్కబోతూ వెనక్కొచ్చి కాలరక్క రెండు చేతులూ పట్టుకుంది.

"నన్ను మీలో మనిషిలా చూసుకున్నారు. వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాలంటే మనసొప్పట్లేదక్కా. కానీ అబద్ధం ఎలా చెప్పను?"

గండం గడిచిందనుకుంది కాలరక్క. గుండెల మీంచి బరువు దిగేసరికి నవ్వొచ్చేసింది.

"పోనీలే, బాధపడకు. పాపం, మా పని నేర్చుకుందామని అంత దూరం నుంచి వచ్చావు. అబ్బకపోతే నువ్వు మాత్రం ఏం చేస్తావు?"

"నేర్చుకోడానికా?" ఆమె తెల్లబోయింది. "సుంకాలు పెరిగింది మా మీదేగా! మా దగ్గర మూసేస్తున్న పని మీకివ్వొచ్చో లేదో చూసి రమ్మన్నారక్కా."