కొలత బియ్యం

ఒక్క మెతుకూ వృథా కాకూడదని ప్రతి వంటింట్లోనూ యంత్రాలు పెట్టారు. ఇంట్లో ఉన్నవాళ్ళకు సరిపడా బియ్యమే అవి కొలిచి వదులుతాయి. పేదల కోసం దీనమ్మ రోజూ తీసి చర్చికిచ్చే పిడికెడు బియ్యం అలా ఆగిపోయాయి.

సముద్రం ఇల్లు ముంచేశాక చర్చిలో తలదాచుకున్న రోజమ్మకు ఏ యంత్రంలోనూ పేరు లేదు. దీనమ్మ మూడు రోజులు తన అన్నంలో సగం ఆమెకు పెట్టింది. నాలుగోరోజు కళ్ళు తిరిగి కూలబడింది.

"నువ్వు పడిపోతే ఆమెకెవరు పెడతారే?" అని కసిరాడు భర్త ఏలియా. వెంటనే వెళ్ళి రోజమ్మను తీసుకొచ్చి యంత్రం ముందు నిలబెట్టాడు.

"ఈమె మీకేమవుతుంది?" అని అడిగింది యంత్రం.

ప్రార్థనలో అందరినీ అక్కా, తమ్ముడూ అని పిలిచే ఏలియా తడుముకోలేదు.

"మా అక్క. రాసుకో."

మూడో మనిషి బియ్యం జారాయి. రోజమ్మ వాటికి తన కొంగు పట్టబోయింది.

"గిన్నె ఉందిలే వదినా, కూర్చో," అంది దీనమ్మ.