ఆరిన్ పంపిన కానుక

"బాంబర్ విమానంలో పెట్రోలు డబ్బాలా! రేపు పాలు, కూరగాయలు కూడా మోయిస్తారు కాబోలు," అని సణుగుతూనే ఆరిన్ కుంచెను పసుపు రంగులో ముంచి ఒక డబ్బా మీద రాశాడు: 'ఆరిన్ పంపిన కానుక. ఆరగించండి.'

గురి చూసి బాంబులు వదలడం అతని పని. జర్మన్లు చదువుకోవాలని వదిలే ప్రతి బాంబు మీదా ఈ మాటలే రాసేవాడు. ఇవాళ వదలడానికి బాంబుల్లేవు, అతనితో పనీ లేదు. అయినా బతిమాలి మరీ బయల్దేరాడు. కారణం తమ్ముడు వెర్నన్.

వెర్నన్ ఉన్న ట్యాంకుల దళం ఫ్రాన్సులో ఎంత జోరుగా దూసుకుపోయిందంటే, వెనక పెట్రోలు అందుకోలేకపోయింది. నిన్న అక్కణ్ణుంచి ఇంగ్లండుకి తిరిగొచ్చిన పైలట్ ఒకడు చీటీ తెచ్చిచ్చాడు. "అన్నయ్యా, మా ట్యాంకుల్లో చుక్క లేదు. ఎదురుగా అడవిలో జర్మన్లు ఫిరంగులు దించుకుంటున్నారు. కదల్లేకుండా కూర్చున్నాం." అది చదివినప్పట్నుంచీ ఆరిన్‌కి ముద్ద దిగడం లేదు.

"రైల్లో పంపి చావొచ్చుగా?" అన్నాడు.

"పంపారు. మనం దిగే చోటికి రెండు మైళ్ల ఇవతల ఏటి మీద వంతెన విరిగిపోయి ఉంది. నాలుగు రోజులుగా రైలు ఆ ఒడ్డునే పడుంది," అన్నాడు ఈ విమానం నడిపే ఎమెట్.

"పారిపోతూ జర్మన్లు కూల్చేసుంటారు. ఆ పని చేసిన వెధవెవడో నా చేతికి చిక్కాలి, పీక పిసికేస్తా!"

"పిసుకుదువుగాని. ముందు మనం దిగేదెక్కడో తెలుసా? జూలైలో నువ్వు పేల్చేసి మెడల్ కొట్టేసిన రన్‌వే మీదే."

ఆరిన్ చేతిలో కుంచె ఆగింది. ఆ రోజు కిందంతా మబ్బు, పొగ. ఫొటోలు కూడా సరిగ్గా రాలేదు. అయినా పైవాళ్లు 'రన్‌వే నుగ్గునుగ్గు' అని రాసి మెడల్ తగిలించారు.

"అక్కడ సైకిలు కూడా నడవదు గురూ!"

"అంటే నీ మెడల్ నిజమైతే కాలి చస్తాం, అబద్ధమైతే బతుకుతాం. ఏమని మొక్కుకోమంటావ్?"

"ఇంజినీర్ల దళం గుంటలు పూడ్చే ఉంటుందిలే," అన్నాడు ఆరిన్ ముఖం మాడ్చుకుని.

దిగేటప్పుడు మాత్రం కళ్లు గట్టిగా మూసుకున్నాడు. వెనక రెండొందల డబ్బాల పెట్రోలు ఉంది. ఒక్క గుంటలో చక్రం పడితే చాలు. తమ్ముడికి పెట్రోలు అందాలంటే మెడల్ అబద్ధమైనా ఫర్వాలేదనిపించింది, ఆ క్షణానికి.

చక్రాలు నేలను తాకాయి. కుదుపు లేదు. విమానం నున్నగా పరుగెత్తి ఆగింది.

లారీలు పరుగున వచ్చాయి. డబ్బాలు దింపుకుంటున్న ఇంజినీర్ల సార్జెంటు పుట్నమ్ భుజం తట్టాడు ఆరిన్. భయం పోయేసరికి గొప్ప తిరిగొచ్చింది.

"భలే పూడ్చారయ్యా నా గుంటలు! ఎన్నాళ్లు పట్టిందేంటి?"

పుట్నమ్ డబ్బా మీది పసుపు అక్షరాల వంక చూస్తున్నాడు.

"ఈ రాత మీదేనా సార్? ఇంతకుముందు చూశాను."

"చూడకేం! ఏ గుంటలో దొరికింది?"

"ఇక్కడ గుంటల్లేవు సార్. పోయిన వారందాకా జర్మన్ల విమానాలు దీని మీదే తిరిగాయి. మేం దుమ్ము ఊడ్చామంతే."

ఎమెట్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒరేయ్, నీ గురి తప్పబట్టి బతికిపోయాంరా!"

ఆరిన్ ముఖం ఎర్రబడింది. సిగ్గేసింది, సంతోషమూ వేసింది. పోతే మెడల్ పోయింది, పెట్రోలు వచ్చింది. మొదటి లారీ తమ్ముడి వైపు కదులుతుంటే చెయ్యి ఊపాడు.

అంతలో అడవి వైపు నుంచి ఫిరంగుల మోత మొదలైంది. ఎమెట్ నవ్వు ఆపేశాడు.

"ఆ రైలు వచ్చుంటే మనవాళ్లు నాలుగు రోజుల కిందే ఆ అడవి దాటేవాళ్లు సార్," అన్నాడు పుట్నమ్.

ఆరిన్ ఊపుతున్న చెయ్యి దించేశాడు.

"ఇంతకీ... నా రాత ఎక్కడ చూశావ్?"

"వంతెన కింద సార్, పేలని బాంబు మీద."