పదో పాఠం

“మళ్లీ పట్టీ లేని కోటే తెచ్చావా తల్లీ? దీన్ని నా నెత్తికి తగిలించుకోనా?”

నారిన్ ఊరి గ్రంథాలయంలో గుమ్మం దగ్గర కోట్లు తీసుకుని కొక్కేలకి తగిలించే పెద్దావిడ బుర్మా అపా. పొద్దున్నే బల్లలు తుడిచి, పుస్తకాలు సర్దేదీ ఆవిడే. నోరు మాత్రం ఊరంతటికీ సరిపోతుంది.

“మెడ దగ్గర తగిలించడానికి ఇంత గుడ్డముక్క కుట్టుకోడానికి ఏం రోగం? మీ అమ్మ నేర్పలేదూ?”

“మా అమ్మ లేదు,” అంది చోల్పోన్.

అపా నోరు టక్కున మూతపడింది. అది మూతపడగా చూడటం చోల్పోన్‌కి అదే మొదటిసారి.

కోటుతో పాటు సంచీ కూడా ఇచ్చేసి లోపలికెళ్లింది. తెల్లకాగితాలూ కలమూ తప్ప ఇంకేమీ లోపలికి రానివ్వరు.

అమ్మ మీద నవల రాయాలని ఆ పిల్ల పంతం. పంతమైతే ఉంది గానీ, రాయడం రాదు. ‘పది పాఠాల్లో నవల’ అనే పుస్తకాన్ని గురువు చేసుకుంది. దాన్ని ఇంటికివ్వరు. వారమంతా ఒక అధ్యాయం రాసి సంచీలో వేసుకు తిరగడం, పని దిగగానే రోజూ ఇక్కడికొచ్చి ఏవో పుస్తకాలు తిరగెయ్యడం, శనివారం ఆ అధ్యాయానికి సరిపడే పాఠం చదివి తప్పులు దిద్దుకోవడం. రాసింది ఎవరికీ చూపించలేదు. సిగ్గు.

పుస్తకం పెద్ద పెద్ద మాటలే చెబుతుంది. ‘ప్రతి అధ్యాయమునందు సంఘర్షణ ఉండవలెను.’

ఉండవలెను, బానే ఉంది. ఎలా బాబూ?

ఆ ‘ఎలా’ని పుస్తకం అంచులో ఎవరో పెన్సిల్‌తో రాసిపెట్టారు. ఎడమకి ఒరిగిన అక్షరాలు.

‘తల్లీకూతుళ్లని అంతలా అరిపించకు. షోర్పా చారులో ఉప్పెక్కువైంది. కూతురు కిక్కురుమనకుండా తినేసింది. పోట్లాటంటే అదీ.’

చోల్పోన్‌కి నవ్వొచ్చింది. మొన్ననే వాళ్లిద్దరి చేతా నాలుగు పేజీలు అరిపించింది మరి!

ఆరో పాఠంలో, ‘ఇక్కడ అమ్మ ఏడవదు. లేచి పొయ్యిలో బొగ్గు వేస్తుంది.’

తన కథలో ఏడుస్తున్న అమ్మని ఆ రాత్రే లేపి బొగ్గు వేయించింది. అధ్యాయం ప్రాణం పోసుకుంది.

“ఈ రాతలెవరివండీ?” అని లోపల పుస్తకాలిచ్చే ఆవిడని అడిగింది.

ఆవిడ చీటీ చూసింది. “పాతికేళ్ల కిందట ఎవరో మాస్టారు ఇక్కడే కూర్చుని చదివాడు. నీకు ముందు ఆయనే. ఆయనవే అయ్యుంటాయి.”

అప్పట్నుంచీ చోల్పోన్‌కి ఆయన మాస్టారే.

తొమ్మిది అధ్యాయాలయ్యాయి. మిగిలింది పదోది, అమ్మ పోయే అధ్యాయం. రాసింది రాసినట్టే చింపేసింది. చివరికి ఓ శనివారం పొద్దున ఎలాగో నాలుగు పేజీలు ఏడ్చి, సంచీలో వేసుకుని వచ్చింది.

పదో పాఠం తీసింది. అంచు ఖాళీ.

“ఇక్కడే వదిలేశారేంటి మాస్టారూ!” అనుకుని, దిగాలుగా పెందరాళే బయటికొచ్చేసింది.

బుర్మా అపా ఒళ్లో తన కోటు. పక్కన తెరిచిన తన సంచీ. కళ్లద్దాల ముందు తన కాగితాలు!

“సిగ్గులేదూ అపా? పదిమంది సంచులూ తడుముతావా?”

“తడమలేదే తల్లీ... రెండోసారి చదువుతున్నా...”

“చదివితే నీకేం అర్థమవుతుంది? కోట్లు తగిలించుకునేదానివి!”

అపా కాగితాలు సంచీలో పెట్టేసింది. కోటు మడిచి చేతికిచ్చింది.

చోల్పోన్ తిన్నగా పై అధికారి గదిలోకెళ్లి చెప్పేసింది. సోమవారానికి గుమ్మం దగ్గర వేరే ఆవిడ ఉంది.

ఆ ఆదివారం నుంచే ఎండలొచ్చాయి. కోటు పెట్టెలోకి వెళ్లింది. పదో అధ్యాయం మాత్రం వేసవంతా ముందుకు కదల్లేదు. ఏం రాసినా ఏడుపే అయ్యేది.

నవంబరులో మంచు పడింది. చోల్పోన్ మళ్లీ కోటు తొడుక్కుని గ్రంథాలయానికెళ్లింది.

“అబ్బ, పట్టీ అంటే ఇదీ! ఎంత గట్టిగా కుట్టారు!” అంది కొత్తావిడ, కోటు కొక్కేనికి తగిలిస్తూ.

“పట్టీయా? నా కోటుకి లేదే.”

ఉంది. నల్ల గుడ్డముక్క, చీమల బారులాంటి సన్నటి కుట్లు.

“నాకు ముందు ఇక్కడుండే బుర్మా అపా కుట్టుంటుంది. ఎవరి కోటుకి లేకపోయినా తిడుతూనే కుట్టేదిట. ఆగస్టులో పోయింది పాపం.”

‘కోట్లు తగిలించుకునేదానివి!’ తను తిట్టిన మాట చోల్పోన్‌కి గుర్తొచ్చింది.

“జేబులో ఏదో కాగితముంది, తీసేసుకోమ్మా. తర్వాత పోయిందంటే నా మీదికొస్తుంది.”

చోల్పోన్ మడత విప్పింది.

‘అమ్మ పోవడం రాయకు తల్లీ. పోయేముందు నీకో చిన్న పని చేసిపెట్టనీ. అప్పుడు నువ్వది చూడవు. చాన్నాళ్లయ్యాక చూస్తావు. పుస్తకం అక్కడ ఆపెయ్.’

పెన్సిల్‌తో రాసిన ఆ అక్షరాలు, తొమ్మిది పాఠాల అంచుల్లో మాస్టారివనుకుని తను మొక్కుకున్న అక్షరాల్లాగే, ఎడమకి ఒరిగి ఉన్నాయి.