పదకొండు డబ్బాలు

మేస్త్రీ భార్యను చంపింది ఫిజియోథెరపీ అమ్మాయి. అందులో ఆయనకు ఏ అనుమానమూ లేదు.

"సుద్దపొడి!" అంటూ ఖాళీ డబ్బాను ఆమె బల్లమీద ఠపీమని పెట్టాడు. "సుద్దపొడికి అమైనో ఆమ్లాలని పేరుపెట్టి, పదకొండు డబ్బాలు తాగించావు మా ఇంటిదానితో. ముప్పై ఐదేళ్ళు గోడలు కట్టినవాణ్ణి. నాకే సున్నం పెడతావా?"

గదిలో మోకాళ్ళ నొప్పులవాళ్ళు రబ్బరు పట్టీలు లాగడం ఆపి చూశారు.

"కూర్చోండి మేస్త్రీగారూ," అంది అమ్మాయి.

"కూర్చోడానికి రాలేదు. నీది దొంగపొడి అని వీళ్ళందరి ముందూ ఒప్పుకో. నాకు ఆ ఒక్క మాటే కావాలి."

మెత్తగా అడిగితే ఏ పనీ జరగదని ఆయన నమ్మకం. అందుకు సాక్ష్యం పాలవాడు. ఏడు నెలలపాటు చేదు పాలు పోశాడు వెధవ. భార్య చేతికిచ్చిన గ్లాసు ఒక గుక్క తాగి, గుమ్మంలోకి వెళ్ళి వాణ్ణి దులిపేసేవాడు. ఆమె మాత్రం మిగతావి పారబోయనిచ్చేది కాదు. "ఏ గడ్డి మేసిందో ఏమో, ఆవునేం తిడతావు? తాగెయ్," అనేది. చొక్కాలు భుజాల దగ్గర బిగిసిపోయేలా ఉతికినందుకు బట్టలు ఉతికేవాడికీ అవే తిట్లు. తిట్టగా తిట్టగా పాలవాడు దారికొచ్చాడు. నెలరోజులుగా పాలు కమ్మగా ఉంటున్నాయి. ఇవాళ ఈ అమ్మాయి వంతు.

జేబులోంచి దారం తీసి ఆమె ముందు పరిచాడు. గోడ వరస చూసుకునే దారం. "ప్రతి ఆదివారం మా ఇంటిదాని తొడ చుట్టూ చుట్టి, చాలినచోట ఎర్ర సిరాతో గుర్తు పెట్టా. ఏడు నెలల గుర్తులు. అన్నీ ఒకేచోట ముద్దగా పడ్డాయి చూడు. గోరంత కండ పెరిగిందా?"

అమ్మాయి దారాన్ని చూసింది. "వ్యాయామం చేయించారా?"

"నేనే చేయించా. కుర్చీలోంచి లేచి నిలబడటం పూటకు పదిసార్లు. చంకల కింద చేతులేసి నేనే లేపాలి. మళ్ళీ మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానానికి. రోజుకు ముప్పైసార్లు ఎత్తి దించా. అరవై ఎనిమిదేళ్ళ వయసులో!"

"పొడి తాగారా?"

"పదకొండు డబ్బాలు ఖాళీ అయ్యాయి, ఇంకేం చెప్పను? చక్రాల కుర్చీలో వంటింట్లోకెళ్ళి తనే కలుపుకునేది. నన్ను డబ్బా ముట్టుకోనిచ్చేది కాదు. నా మందు నేనే చూసుకుంటా అనేది, మొండిఘటం."

"మొదటిరోజు గుర్తుందా? ఆవిడను లేపబోయి ఇక్కడే ఇద్దరూ పడ్డారు. మీకూ కండ కరిగిపోయింది, మీరూ ఒక డబ్బా పట్టుకెళ్ళండి అన్నాను."

"పొడులు తాగి బతికే ఖర్మ నాకు పట్టలేదన్నా. ఇప్పుడూ అదే అంటున్నా. మాట మార్చకు!"

కోపం నషాళానికంటింది. మూలనున్న ఇనుప గుండును ఒంటిచేత్తో లేపి బల్లమీద దించాడు. బల్ల కిర్రుమంది. "ఇవి చూపించేగా జనాన్ని నమ్మించేది!"

అమ్మాయి ఆ గుండువైపు, ఆయన జబ్బవైపు చూసింది. "అది పదిహేను కిలోలు. ఆరోజు మీరు రెండు చేతులతోనూ దాన్ని కదపలేకపోయారు."

"కోపం ఎత్తించింది."

"కోపానికి కండ రాదండీ. బరువు మోయాలి, ఒంట్లో అమైనో ఆమ్లాలు పడాలి. మేస్త్రీ ఎంత మొనగాడైనా ఇటుకల్లేకుండా గోడ లేవదు కదా. ఇటుకలు కుప్పపోసినా మేస్త్రీ రాకపోతే లేవదు."

"నాకా గోడల పాఠం? ఆమెకు రెండూ ఉన్నాయిగా! మరి కాళ్ళెందుకు నిలబడలేదు? మంచాన పడి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి, పోయిన నెల ఎందుకు పోయింది? చెప్పు!"

అమ్మాయి కళ్ళు దించుకుంది. "నాకూ అర్థం కావడం లేదు."

"విన్నారా?" ఆయన గదినంతా కలయజూశాడు. "అర్థం కావడం లేదట! నాకు అర్థమైంది. సుద్దేదో, సున్నమేదో నాలుకమీద పెట్టుకుని చెప్పగలను నేను. చూడండి, మీ ముందే చెబుతా."

డబ్బా మూత తిప్పి, అడుగున అంటుకున్న పొడిని వేలితో గీకి నాలుకమీద రాసుకున్నాడు. చప్పరించాడు. మళ్ళీ చప్పరించాడు.

"ఏమైంది పెద్దాయనా, సుద్దేనా?" అడిగాడు రబ్బరు పట్టీ పట్టుకున్న ఒకాయన.

మేస్త్రీ మూత బిగించాడు. ఇనుప గుండును తీసిన చోటే పెట్టాడు. దారాన్ని చుట్టి జేబులో వేసుకుని, డబ్బా చంకన పెట్టుకుని బయటికి నడిచాడు.

మెట్ల దగ్గర కూతురు ఎదురొచ్చింది. "ఒప్పుకుందా నాన్నా?"

"లేదు."

"పదండి, పైవాళ్ళకు ఫిర్యాదు రాసిద్దాం. అమ్మను చంపి తప్పించుకుందామనా?"

"వద్దు."

"అదేంటి? నెలరోజులుగా మీరే కదా..."

"ఈ సంగతి ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు. నేనూ ఎత్తను. చచ్చేదాకా."

ఆ పొడి అచ్చం పాలవాడి పాలలాగే చేదుగా ఉంది.