గంగమ్మకు చీర

సముద్రం కనబడగానే డ్రైవర్ లచ్చయ్య అద్దె కారు ఆపేశాడు.

"ఇంకాస్త ముందుకు పోనివ్వవయ్యా" అంది ఉదయలక్ష్మి.

"ఇసుకల దిగబడ్తదమ్మా. నేనీడనే ఉంట."

దిల్‌సుఖ్‌నగర్‌లో చీకటితో బయల్దేరినప్పటి నుంచీ అతనింతే, ముక్తసరి.

పది పాకలు, ఆరేసిన వలలు. మనిషి అలికిడి లేదు. గాలి మాత్రం ఈడ్చి కొడుతోంది.

"కాస్త సాయం పడితే అరిగిపోతావా? ఆ బుట్ట పట్టుకురా."

దిగాడు. నీళ్ళకు నాలుగడుగుల ఇవతలే నిలబడిపోయాడు.

"భయమా? మీ నల్గొండ వాళ్ళకు చెరువే ఎక్కువేమో!"

లచ్చయ్య నవ్వలేదు. "ఏం మొక్కమ్మా?"

"నిరుడు మావాడు ఇక్కడే మునిగిపోబోయాడు. గంగమ్మ తల్లి తిరిగిచ్చింది. కానీ ఆ రోజు నుంచీ వాడి నోట మాట లేదు. చూపించని డాక్టరు లేడు. చీర పెడితే నోరు విప్పుతాడని ఆశ."

లచ్చయ్య బుట్ట ఇసుకలో దించాడు.

"ఒక్కడే వచ్చిండా?"

"ఒక్కడే అయితే వచ్చేవాడా? హాస్టల్లో ఎవడో స్నేహితుడట. నీళ్ళలోకి లాక్కెళ్ళాడు. వాడు పోయాడు. మావాణ్ణి కూడా పట్టుకుపోయేవాడే."

"మీ బాబు చెప్పిండా, గట్లని?"

"మాటే లేదంటుంటే! నాకు తెలీదూ, పిల్లల్ని చెడగొట్టే రకాలు?"

లచ్చయ్య బుట్టలోంచి చీర తీసి ఆమెకందించాడు.

ఆమె చీర, పసుపు, కుంకుమ అలల్లో వదిలింది. కొబ్బరికాయ అతని చేతిలో పెట్టింది.

"నాకు చేతకావడం లేదు. నువ్వే కొట్టు."

"నేనా అమ్మా..."

"కొట్టవయ్యా, పొద్దెక్కిపోతోంది!"

కొట్టాడు. ఒక చెక్క ఆమెకిచ్చాడు.

"బాబుకు మాటొస్తదిలే అమ్మా."

రెండో చెక్క తీసుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగాడు. పసిబిడ్డను పడుకోబెట్టినట్టు, మెల్లగా వదిలాడు.

దీపాల వేళకు దిల్‌సుఖ్‌నగర్‌లో అపార్ట్‌మెంటు ముందు దిగి, ఆమెకు తలుపు తీసి, కారు తిప్పుకున్నాడు.

పై నుంచి చూసిన కొడుకు రాఘవేంద్ర చెప్పుల్లేకుండా మెట్లు దిగి పరుగెత్తుకొచ్చాడు.

అప్పటికే కారు మెయిన్‌రోడ్డు రద్దీలో కలిసిపోయింది.

గేటు పట్టుకుని వగరుస్తూ అటే చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి.

ఉదయలక్ష్మి అతని భుజాలు పట్టుకుంది. "మాట్లాడు నాన్నా, మాట్లాడు!"

"అమ్మా... నన్ను ఒడ్డుకు తోసి, తను మునిగిపోయిన సాయికుమార్ వాళ్ళ నాన్న ఆయన."