ఆదివారం లారీ

లారీ స్టార్టయింది. హెడ్మాస్టరు గుండె గుభేలుమంది.

ఆ చప్పుడు వినాలని రెండేళ్లుగా తపించిన మనిషే. తీరా వినేసరికి కంగారుపడ్డాడు. గడియారం చూసుకున్నాడు. తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ. తొమ్మిదయ్యేసరికి వియ్యంకుడు వచ్చేస్తాడు. ఈలోగా దీని నోరు మూయించాలి. తాళంచెవి వెనక్కి తిప్పాడు. ఆగలేదు. బయటికి లాగేశాడు. అయినా ఆగలేదు. పాత డీజిల్ బండి, ఆగడానికి తాళంతో దానికి పనేముంది? రెండేళ్లూ దాన్ని లేపడమెలా అని తల బద్దలు కొట్టుకున్నాడే గానీ, ఆపడమెలా అని ఒక్కనాడూ ఎవర్నీ అడగలేదు పాపం.

ఆ లారీ ఒకప్పుడు పాల క్యాన్లు మోసేది. పాలకేంద్రం వాళ్లు తుక్కు కింద తీసేస్తుంటే, అప్పుడే రిటైరైన హెడ్మాస్టరు ముచ్చటపడి ఇంటి వెనక షెడ్డులోకి లాక్కొచ్చుకున్నాడు. ఆయనకి స్క్రూడ్రైవరు పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు. భార్య పోయింది. కూతురు పెళ్లయి వెళ్లిపోయింది. బడి గంట కూడా లేదు. ఇంట్లో ఏదో ఒక అలికిడి ఉండాలనుకున్నాడు, అంతే.

వియ్యంకుడు టైలరు. పెళ్లినాడు ఆయన బట్టలు మార్చుకుని వచ్చేలోపే హెడ్మాస్టరు తొందరపడి గ్రూపు ఫొటో తీయించేశాడు. నేను లేకుండానే కానిచ్చేశారా అని టైలరు అలిగాడు. గంటసేపు అందర్నీ నిలబెట్టింది మీరే కదా అని ఈయన అన్నాడు. మాటా మాటా పెరిగింది. ఆ తర్వాత మూడేళ్లు ఒకరి గడప ఒకరు తొక్కలేదు. మధ్యలో ఆ పిల్ల నలిగిపోయింది.

ఒక ఆదివారం, కోడలు పుట్టింట్లో మరిచిపోయిన సూట్‌కేసు కోసం టైలరు తప్పనిసరై వచ్చాడు. షెడ్డులో హెడ్మాస్టరు లారీ సీటుకి కుట్లు వేస్తున్నాడు. ఆ కుట్లు చూశాక ఎంత కోపమున్నా ఊరుకోవడం టైలరు వల్ల కాలేదు. ఇలా తెండి అని సూది లాక్కున్నాడు. సాయంత్రం దాకా కదల్లేదు. సూట్‌కేసు మరిచిపోయి వెళ్లాడు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం తొమ్మిదింటికల్లా హాజరు. ఆయనా కొట్టు మూసేసి చేతులు ముడుచుకు కూర్చున్నవాడే. ఇద్దరికిద్దరూ సరిపోయారు. హెడ్మాస్టరు విప్పిన బోల్టులన్నిటినీ ప్రార్థనకి నిలబెట్టినట్టు పొట్టి నుంచి పొడుగు దాకా వరసలో పెట్టేవాడు. ఏది ఎక్కడిదో మాత్రం చచ్చినా తెలిసేది కాదు. రేడియేటరుకి కొత్త గొట్టం కోయబోతే టైలరు మెళ్లో టేపు తీసి కొలిచి, ఎందుకైనా మంచిది రెండంగుళాలు లూజుంచుదాం అనేవాడు. వాదించుకునేవారు, నవ్వుకునేవారు, మధ్యాహ్నం లారీ మెట్టు మీద పక్కపక్కన కూర్చుని తినేవారు. టీ పొడో చక్కెరో అయిపోతే హెడ్మాస్టరే కొట్టుకి పరిగెత్తేవాడు.

లారీ మాత్రం మొండికేసింది. తాళం తిప్పితే నాలుగుసార్లు గుర్రుమనేది, చల్లబడేది. అయినా టైలరు విసుక్కోలేదు. సాయంత్రం వెళ్లేముందు ఇంజన్లో తల దూర్చి ఒక్కో నట్టూ తడిమి చూసుకుంటే గానీ షెడ్డు దాటేవాడు కాదు. మీ ఓపికకి దండం పెట్టాలి బావగారూ అనేవాడు హెడ్మాస్టరు.

పోయిన ఆదివారం టైలరుకి జ్వరమొచ్చి రాలేదు. వారమంతా హెడ్మాస్టరుకి ఏమీ తోచలేదు. ఇవాళ పొద్దున్నే షెడ్డుకెళ్లి, డీజిల్ పైపు దగ్గర వదులుగా కనిపించిన నట్టు ఒకటి బిగించాడు. లారీ రిపేరు పుస్తకంలో ఉన్నట్టు పైపులో గాలంతా పోయేదాకా పంపు కొట్టాడు. ఊరికే చూద్దామని తాళం తిప్పాడు.

ఇంకేముంది. మళ్లీ ఆయన లేకుండానే కానిచ్చేసినట్టయింది. మళ్లీ అలుగుతాడు. అలగకపోయినా, లారీ బాగయ్యాక ఇక్కడ ఆయనకేం పని? ఇక రాడు.

గేటు చప్పుడైంది. కనిపించిన మీటల్లా లాగేశాడు. వాటిలో ఏదో అసలుది తగిలి, ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగింది. చప్పుడైతే ఆగింది గానీ, షెడ్డు నిండా ఉన్న పొగని ఎక్కడ దాస్తాడు? అప్పటికే టైలరు క్యారేజీ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"స్టార్టయిందా?"

"అబ్బే, పక్కింటివాళ్లది..." అని నసిగాడు హెడ్మాస్టరు. ముప్పై ఐదేళ్లు పిల్లల అబద్ధాలు పట్టుకున్నాడన్న మాటే గానీ, సొంతంగా ఒక్కటి అతికినట్టు చెప్పలేకపోయాడు.

టైలరు నవ్వలేదు. క్యారేజీ కింద పెట్టి లారీ మెట్టు మీద కూలబడ్డాడు. హెడ్మాస్టరు కూడా వెళ్లి పక్కన కూర్చున్నాడు. దాచి లాభం లేదనిపించింది.

"తప్పయిపోయింది బావగారూ. ఫొటో అప్పుడూ తొందరపడ్డాను, ఇప్పుడూ తొందరపడ్డాను. కావాలంటే మొత్తం విప్పేసి మొదట్నుంచీ బిగిద్దాం. మీరు మాత్రం రావడం మానకండి. మీరు రాని ఆదివారం ఎలా గడిచిందో నాకు తెలుసు."

టైలరు ఆయన మొహంలోకి తేరిపార చూశాడు. "నా మీద కోపంగా లేదా?"

"మీ మీదెందుకు కోపం?"

"డీజిల్ పైపు నట్టు బిగించింది మీరేనా?"

"వదులుగా ఉంటే బిగించాను. బిగించకూడదా?"

టైలరు మెళ్లో టేపుని వేలికి చుట్టాడు, విప్పాడు, మళ్లీ చుట్టాడు. నేల చూపులు చూస్తూ మెల్లిగా అన్నాడు.

"మీరు చక్కెర తేవడానికి వెళ్లినప్పుడు, ఇది పోయినేడాదే స్టార్టయింది బావగారూ."